గీత తలుపు మీద, దెబ్బ మా ఒంటి మీద

జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో బీరువా పగిలిందనుకోండి. ఇంటాయన షూటింగుకో పెళ్ళికో పోయి నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చాడు. వెనక తలుపు గొళ్ళెం ఊడి వేలాడుతోంది. పడగ్గదిలో బీరువా నోరు తెరుచుకుని ఉంది. పోలీసులొచ్చారు. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో ఫిల్మ్‌నగర్ బస్తీలో పదేళ్ళ పిల్లవాణ్ణి అడిగినా చెప్పేస్తాడు: 'మీ ఇంట్లో పనికి ఎవరొస్తారు?' గొళ్ళెం దేనితో ఊడదీశారు, ఏ వైపు నుంచి ఊడదీశారు అన్నది రెండో ప్రశ్న కూడా కాదు.

పొద్దుగూకేసరికి అంట్లు తోమే ఆమె, ఆమె మొగుడు, వాచ్‌మన్, పని మానేసిన పాత డ్రైవరు, పోయిన నెల అలమర బాగుచేసి పోయిన వడ్రంగి, అందరూ స్టేషన్లో కూర్చుని ఉంటారు. బెంచీ మీద కాదు, నేల మీద. రెండో రోజుకి వాళ్ళ కాళ్ళు వాస్తాయి. మూడో రోజుకి ఎవరో ఒకరు 'నేనే తీశాను సార్' అంటారు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదని 1872లోనే తెల్లవాడు చట్టం రాసి పెట్టాడు. ఇప్పుడు కొత్తగా వచ్చిన సాక్ష్య చట్టంలోనూ ఆ మాటే ఉంది. అయినా మన స్టేషన్లలో దర్యాప్తు అంటే ఇంకా ఆ చెల్లని మాట రాబట్టడమే.

ఈ సంపాదకీయం ఆ ఊడిన గొళ్ళెం గురించి. సరిగ్గా చెప్పాలంటే గొళ్ళెం పక్కన చెక్క మీద పడ్డ గీత గురించి. దళిత పత్రికకి చెక్క మీది గీతతో ఏం పని అని నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. ఆ గీతను చదవడం చేతగాని, చేతనైనా చదవడం ఇష్టంలేని పోలీసు వ్యవస్థ మన ఒళ్ళు చదువుతోంది. అదీ మనకున్న పని.

పనిముట్టు ఏదైనా తాను తాకిన చోట తన గుర్తు వదిలి పోతుంది. ఇది మనకు కొత్త సంగతేం కాదు. తోలు కోసిన అంచు చూసి 'ఇది ఫలానావాడి కత్తి, పదునులో ఇక్కడ చిన్న గంటు పడింది' అని చెప్పగల మాదిగ పెద్దలు మన వాడల్లో ఉండేవాళ్ళు. కమ్మరి తాను సాగగొట్టిన కర్రు పదేళ్ళ తర్వాత చూసినా గుర్తుపడతాడు. వడ్డెర వాళ్ళు బండ మీది ఉలి దెబ్బ చూసి కొట్టినవాడి చేతివాటం చెబుతారు. జూబ్లీహిల్స్ కొండలు పగలగొట్టింది ఎవరనుకున్నారు? ఆ వడ్డెరలే, పాలమూరు నుంచి వలసొచ్చిన కూలీలే. పగలకుండా మిగిలిన గుండ్ల మీద వరసగా చీలలు దిగిన గుంటలు ఇప్పటికీ కనపడతాయి. గేట్ల మీద పేర్లు హీరోలవీ నిర్మాతలవీ. గుండ్ల మీది గుర్తులు మనవాళ్ళవి.

ఈ జ్ఞానాన్నే ఫోరెన్సిక్ వాళ్ళు 'టూల్ మార్క్' అని పేరు పెట్టి పుస్తకాల్లో రాసుకున్నారు. అందులో ముఖ్యంగా రెండు రకాలు. సుత్తితో కొడితే, గడ్డపార మొన పెట్టి గట్టిగా నొక్కితే చెక్క మీద దాని అచ్చు పడుతుంది. అది ఒకటి. స్క్రూడ్రైవరు జారుతూ గీసుకుపోతే, కట్టర్‌తో గ్రిల్లు ఊచ కత్తిరిస్తే సన్న సన్న చారలు పడతాయి. అది రెండోది. అచ్చు కొలిస్తే పనిముట్టు వెడల్పు, ఆకారం తెలుస్తాయి. అంతవరకే అయితే ఆ కొలత స్క్రూడ్రైవర్లు బజార్లో వేలకు వేలు ఉంటాయి. దాన్ని బట్టి ఎవణ్ణీ పట్టుకోకూడదు. కానీ వాడగా వాడగా ప్రతి పనిముట్టు అంచూ తనదైన తీరులో అరుగుతుంది, గంట్లు పడుతుంది. ఆ గంట్లే చారలుగా దిగుతాయి. ల్యాబులో ఆ పనిముట్టుతో మెత్తటి సీసం రేకు మీద గీసి, ఆ గీతనూ తలుపు మీది గీతనూ కంపారిజన్ మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి చూస్తారు. చార చారకూ కలిసిందా లేదా అన్నదే ప్రశ్న. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది, రామంతాపూర్‌లో కేంద్ర ల్యాబ్ ఉంది. మైక్రోస్కోపు లేదు అనే సాకు ఈ ఊళ్ళో చెల్లదు.

అయితే ల్యాబుకి పోయేది ఏమిటి? నేరం జరిగిన చోట సేకరించిందే పోతుంది. అక్కడ పని చెడితే ల్యాబులో దేవుడు కూర్చున్నా ఏమీ చెయ్యలేడు. చెయ్యాల్సిన పని మరీ బ్రహ్మవిద్యేం కాదు. మొదట ఎవరూ ఆ తలుపు ముట్టకూడదు. గీత పక్కన స్కేలు పెట్టి, కెమెరా నిటారుగా పట్టి ఫొటో తియ్యాలి. లైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా కొట్టాలి. ఎదురు లైటుకి చారలు మాయమవుతాయి, పక్క లైటుకి లేచి కనపడతాయి. ఈ సంగతి కృష్ణానగర్‌లో గది అద్దెకుండే ఏ లైట్‌బాయ్‌ని అడిగినా చెబుతాడు, గోడ గరుకు చూపించాలంటే లైటు ఎక్కడ పెట్టాలో వాడికి తెలిసినంత చాలామంది ఎస్సైలకి తెలియదు. ఆ తర్వాత వీలైతే గీత పడ్డ ముక్కనే కోసి తీసుకుపోవాలి. తాళం అయితే తాళం మొత్తం తియ్యాలి. ఊచ అయితే దొంగ కోసిన కొస ఏది, పోలీసులు కోసిన కొస ఏదో చీటీ కట్టాలి. తలుపు కొయ్యడానికి వీలు లేకపోతే సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తియ్యాలి. చెక్కకు అంటిన రంగు పొట్టు, ఇనుప రజను ఉంటే విడిగా కాగితంలో మడవాలి. అన్నిటికీ తేదీ, టైము, పంచుల సంతకం, సీలు. ఒక్క గంట పని.

ఇంకొకటి ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే కాబట్టి నిదానంగా చదవండి. అనుమానం మీద పట్టుకున్న పనిముట్టును తెచ్చి ఆ గీతలో పెట్టి 'సరిపోయిందా లేదా' అని చూడకూడదు. పెడితే పాత గీత చెడిపోతుంది, కొత్త గీత పడుతుంది. తలుపు రంగు పనిముట్టుకి అంటుకుంటుంది. అప్పుడు ల్యాబు వాళ్ళు చూసేది దొంగ గీసిన గీత కాదు, కానిస్టేబుల్ గీసిన గీత. ఆ గీతకు మన వడ్రంగి ఉలి అచ్చంగా సరిపోతుంది మరి! ఎందుకు సరిపోదు?

అందుకే మేము అడిగేది వరస గురించి. ముందు గీత, తర్వాత మనిషి. ఎవణ్ణీ స్టేషనుకి పిలవకముందే గీతను ఫొటో తీసి, అచ్చు తీసి, సీలు వేసి, ల్యాబుకి పంపిన కాగితం మీద తేదీ పడాలి. అట్లా జరిగితే ఆ తర్వాత ఎవరి సంచిలో ఏం దొరికినా దాన్ని ఆ అచ్చుతో పోల్చి తీరాలి. సరిపోకపోతే వదిలెయ్యాలి. ఇప్పుడు జరుగుతున్నది తల్లకిందులు. ముందు మనిషిని పట్టుకుంటారు. తర్వాత 'నిందితుడు చూపించగా' అని రాసి చెట్టు కింద నుంచో, మూసీ ఒడ్డు నుంచో ఒక ఇనుపరాడ్ బయటికి తీస్తారు. నిందితుడు చెప్పగా దొరికిన వస్తువును సాక్ష్యంగా తీసుకోవచ్చని చట్టంలో ఉన్న కిటికీ అది. పాత చట్టంలో 27వ సెక్షన్. కొత్త చట్టంలో నంబరు మారింది, కిటికీ అక్కడే ఉంది. రాడ్ దొరికింది సరే, ఆ రాడ్‌ని పోల్చడానికి తలుపు మీది గీత ఏదీ అని అడిగితే ఇంటాయన అప్పటికే కొత్త తలుపు పెట్టించి ఉంటాడు.

పనిముట్టు సంచి మోసేవాడికి ఈ నగరంలో రాత్రిపూట భద్రత లేదు. సెట్టు వేసే వడ్రంగి, మోల్డింగ్ పనివాడు, ఎలక్ట్రీషియను షూటింగ్ ముగించుకుని తెల్లవారుజామున రెండింటికి చెక్‌పోస్టు దాటుతుంటే వాళ్ళ సంచిలో ఉలి, సుత్తి, కటింగ్ ప్లయరు, స్క్రూడ్రైవరు ఉంటాయి. ఉండక సినిమా స్క్రిప్టు ఉంటుందా? వాళ్ళు కట్టిన బంగళా సెట్టులో హీరో విలన్‌ని పట్టుకుని జనం చేత ఈలలు వేయించుకుంటాడు. బయట రోడ్డు మీద అదే సంచి చూపించి వాళ్ళని పోలీసులు పట్టుకుంటారు. కార్డన్ సెర్చ్ పేరుతో తెల్లవారకముందే బస్తీ చుట్టూ తాడు కట్టి ఇల్లిల్లూ గాలించడం ఈ నగరం పదేళ్ళుగా చూస్తోంది. ఆ తాడు బస్తీల చుట్టూనే గానీ జూబ్లీహిల్స్ బంగళాల చుట్టూ కట్టగా మేమైతే ఎరగం.

ఈ అలవాటు ఎక్కడిదో మనకు తెలుసు. 1871లో తెల్ల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. మనిషి ఏం చేశాడని చూడలేదు, ఏ కులంలో పుట్టాడని చూసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్ళను తెచ్చి బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పజెప్పారు. హాజరు వేయించుకోకుండా ఊరు దాటితే నేరం. 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గానీ జాబితా పోలీసు బుర్రల్లోంచి పోలేదు. దాన్ని పోనివ్వకుండా చూసిన పుణ్యంలో ఫిల్మ్‌నగర్‌కీ వాటా ఉంది. 1991లో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టువర్టుపురం దొంగలు' అని ఒకే ఏడు రెండు సినిమాలొచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. ఒక ఊరి పేరు పక్కన 'దొంగ' అనే మాట అతికించి టికెట్లు అమ్ముకున్నారు. ఆ ఊళ్ళో చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు తమ ఊరి పేరు చెప్పుకోవడానికి ఎంత నలిగిపోతారో ఈ సినిమాలు తీసినవాళ్ళకి పట్టదు.

2024లో సుప్రీంకోర్టు ఈ విషయం మీద నోరు విప్పింది. జైళ్ళలో కులవివక్ష మీద సుకన్య శాంత వేసిన కేసులో అక్టోబరు 3న తీర్పిస్తూ, విముక్త జాతులవాళ్ళను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చెయ్యకుండా చూడాలని పోలీసులకు చెప్పింది. తీర్పు మంచిదే. అయితే పోలీసు చేతిలో కులం కాకుండా ఇంకేదైనా ఆధారం ఉంటే కదా కులాన్ని వదిలేది? ఆధారం తలుపు మీద ఉంది. దాన్ని తియ్యడం నేర్పనంతకాలం వాడు కులం దగ్గరికే వస్తాడు. చేతిలో లాఠీ ఒకటే ఉన్నవాడికి లాఠీయే దర్యాప్తు.

లాఠీ కూడా పనిముట్టే! దానికీ గుర్తు ఉంటుంది. గుండ్రటి కర్రతో గట్టిగా కొడితే ఒంటి మీద రైలుపట్టాల్లాగా రెండు ఎర్రటి గీతలు పడి, మధ్యలో చర్మం తెల్లగా ఉండిపోతుంది. ఇది పోస్ట్‌మార్టం చేసే డాక్టర్లు చదువుకునే మొదటి పాఠాల్లో ఒకటి. అరికాళ్ళ మీద కొడితే పైకి కనపడదని పోలీసులు అనుకుంటారు గానీ కోసి చూస్తే లోపల నెత్తురు కట్టి కనపడుతుంది. తలుపు మీది గీత చదవని వ్యవస్థ మన ఒంటి మీద గీతలు పెడుతుంది, ఆ గీతల్ని మాత్రం ఎవరూ చదవకుండా తొందరగా దహనం చేయించాలని చూస్తుంది.

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్లో ఒక దళిత తల్లి ప్రాణం పోయింది. చర్చి ఫాదర్ ఇంట్లో వంటపని చేసే మనిషి. ఇంట్లో 2 లక్షలు పోయాయని ఆమె మీద అనుమానం. డబ్బు ఎట్లా పోయింది, దాచిన చోటు ఎవరు తెరిచారు అన్నది తేలకముందే ఆమెను తేల్చేశారు. తర్వాత ఎస్సైనీ, ఇద్దరు కానిస్టేబుళ్ళనీ ఉద్యోగాల్లోంచి తీసేశారు. 2023లో మెదక్‌లో ఒక దినకూలీని గొలుసు దొంగ అని పట్టుకున్నారు. సీసీ కెమెరా బొమ్మలో ఉన్నవాడిలాగా ఉన్నాడట! ఫిబ్రవరి 16న ఆయన గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. ఆయన ముస్లిం. బీదరికం ఒకటే, వాడ ఒకటే. 2024లో షాద్‌నగర్ స్టేషన్లో బంగారం దొంగతనం పేరుతో ఇంకో దళిత స్త్రీని కొట్టారు. ఇన్‌స్పెక్టరునీ మరికొందరినీ సస్పెండ్ చేశారు. మూడు కేసుల్లోనూ పోయిన సొత్తు విలువ రాసిపెట్టుకోండి. ఒక సినిమా హీరో ఒక్క పూట తీసుకునేదానికి ఏ మూలకీ రాదు.

పెద్దవాళ్ళ ఇళ్ళల్లో నేరం జరిగితే ఎట్లా ఉంటుందో కూడా ఈ కొండ చూసింది. 2004 జూన్ 3 రాత్రి జూబ్లీహిల్స్‌లో ఒక అగ్రహీరో ఇంట్లో రివాల్వర్ పేలింది. ఒక నిర్మాతకూ మరొకరికీ తూటాలు తగిలాయి. అరెస్టూ బెయిలూ అయ్యాయి, కేసు చివరికి నిలబడలేదు. దోషి ఎవరన్నది మేము తేల్చే సంగతి కాదు, కోర్టు మాట కోర్టుది. మేము చెప్పేది వేరే. తుపాకీ గొట్టం కూడా టూలే. గొట్టం లోపలి మెలికల గాళ్ళు తూటా మీద చారలు పెడతాయి, ఆ చారల్ని కలిపి చూసేది అదే మైక్రోస్కోపు. అటువంటి కేసులో తూటా, రివాల్వరు, ల్యాబు, రిపోర్టు, డాక్టర్లు, లాయర్లు అన్నీ ఉంటాయి. అరికాళ్ళ మీద కొట్టి నిజం చెప్పించాలని ఎవరికీ తోచదు. తోచకూడదు కూడా. ఆ మర్యాద కృష్ణానగర్ లైట్‌బాయ్‌కీ, అంట్లు తోమే ఆమెకీ ఎందుకు లేదన్నదే మా ప్రశ్న. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీ మ్యూజియంలో వెంటిలేటర్ గ్రిల్లు తీసి, తాడు కట్టుకు దిగి నిజాం బంగారు టిఫిన్ డబ్బా ఎత్తుకుపోతే పది రోజులు తిరక్కముందే పట్టుకున్నారు. చేతనవుతుంది వాళ్ళకి. డబ్బా నిజాందై ఉండాలి, అంతే.

మరి చచ్చిపోయినవాళ్ళు మనవాళ్ళయితే? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని తరిమి తరిమి నరికారు. గొడ్డళ్ళు, బరిసెలు, ఇనుపరాడ్లు. గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లోనూ కాలవల్లోనూ పడేశారు. 'స్టువర్టుపురం దొంగలు' సినిమా ఆడిన ఏడే ఇది జరిగింది. ఆ ఊరూ ఈ ఊరూ అప్పుడు గుంటూరు జిల్లావే, ఇప్పుడు బాపట్ల జిల్లావి. దొంగల ఊరని ఒకదానికి పేరు పెట్టిన సినిమావాళ్ళు రెండోదానికి హంతకుల ఊరని పేరు పెట్టి సినిమా తియ్యలేదు!

గొడ్డలి ఎముకకు తగిలితే ఎముక మీద దాని గంట్ల చారలు దిగుతాయి. చెక్క మీద కన్నా ఎముక మీద అవి ఇంకా బాగా నిలుస్తాయి. నీళ్ళలో నానినా మాంసం పోతుంది గానీ ఎముక మీది గాటు పోదు. పొలం గట్ల మీద నెత్తురు, విరిగిన కర్ర ముక్కలు, కాలిముద్రలు, ఎక్కడ ఎవర్ని నరికారో చెప్పగలిగేవి అవే. కానీ వాడ మీద దాడి జరిగిన రోజున ఆ చోటుకి తాడు కట్టి కాపలా పెట్టేవాడెవడు? ఊరంతా పికెట్లు పెట్టారు, శాంతిభద్రతల కోసం. సాక్ష్యాల కోసం కాదు. పదహారేళ్ళ పోరాటం తర్వాత 2007 జులై 31న ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎవరు చంపారో, ఎక్కడ చంపారో, ఏ టైములో చంపారో ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయిందంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు! మొదటి రోజు నేల మీద నుంచి ఏరుకోవాల్సిన జవాబుల్ని ఇరవై మూడేళ్ళ తర్వాత మన సాక్షుల జ్ఞాపకంలో వెతికారు. ప్రాణాలకు తెగించి కోర్టుకొచ్చిన కూలిజనం గడియారం చూసి చెప్పలేదని మన సాక్ష్యం తేలిపోయింది.

ఇది చట్టం కళ్ళు మూసుకోవడం. కళ్ళు తెరిచి చేసిన అన్యాయం ఇంకొకటి ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. పెద్దవాళ్ళ పేర్లు వినపడ్డాయి. కొన్నాళ్ళకి ఒక దళిత కుర్రవాణ్ణి తెచ్చి వీడే అన్నారు. చచ్చిపోయిన అమ్మాయి తల్లే 'ఈ పిల్లవాడు కాదు' అని మొత్తుకుంది. ఎవరు విన్నారు? 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని చెప్పి, దర్యాప్తు చేసినవాళ్ళ మీద చర్య తీసుకోమని, అతనికి లక్ష రూపాయలివ్వమని చెప్పింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిచింది. సరే, అసలు హంతకుణ్ణి పట్టుకుందామని మళ్ళీ దర్యాప్తు మొదలుపెడితే ఏం తేలింది? కోర్టులో ఉండాల్సిన ఆ కేసు వస్తువులు ధ్వంసమైపోయాయని తేలింది. 2018లో హైకోర్టు కేసు సీబీఐకి ఇచ్చింది. వస్తువు పోయాక ఏ సీబీఐ అయినా మళ్ళీ మనుషుల చుట్టూనే తిరగాలి. అందుకే సాక్ష్యం తియ్యడంతో పని అయిపోదు, దాచడం కూడా అందులో సగం పని.

టూల్ మార్క్‌ను మేము దేవుణ్ణి చేసి కూర్చోబెట్టడం లేదు. ఆ పొరపాటు కూడా మన కొంపే ముంచుతుంది. అమెరికాలో 1932లో లిండ్‌బర్గ్ అనే విమానవీరుడి పసిబిడ్డను ఎత్తుకుపోయి చంపారు. దొంగ వదిలిపోయిన నిచ్చెన మీది రంపపు, చిత్రిక గుర్తులు చూసి ఆర్థర్ కోలర్ అనే కలప నిపుణుడు ఆ చెక్క ఏ మిల్లులో చెక్కారో, ఏ డిపోకు వచ్చిందో పట్టుకున్నాడు. చివరికి హాప్ట్‌మన్ అనే వడ్రంగి ఇంట్లో దొరికిన చిత్రికతో నిచ్చెన మీది చారలు కలిశాయన్నాడు. హాప్ట్‌మన్‌ని 1936లో కరెంటు కుర్చీలో చంపారు. అతనొక్కడే చేశాడా, అసలు చేశాడా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. 2009లో అమెరికా నేషనల్ అకాడమీ, 2016లో ఆ దేశాధ్యక్షుడి శాస్త్ర సలహా మండలి ఇటువంటి పోలికల మీద గట్టి ప్రశ్నలే వేశాయి. ఎన్ని చారలు కలిస్తే కలిసినట్టు, ఎంత తరచుగా నిపుణుడు పొరబడతాడు, అన్నది లెక్కగట్టి చూపించమన్నాయి. కాబట్టి 'ఈ ఉలి తప్ప ఇంకోటి కాదు' అని రిపోర్టులో ఎవరైనా రాస్తే మన లాయరు లేచి నిలబడి అడగాలి. మన దేశంలో ప్రభుత్వ ల్యాబు రిపోర్టును నిపుణుడు కోర్టుకి రాకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు. కానీ పిలిపించి ప్రశ్నించమని అడగొచ్చు. అడగడం లేదు, పేదవాడి తరఫు లాయరుకు అంత ఓపిక ఉండటం లేదు. ఒక మాట మాత్రం నిజం. ఈ శాస్త్రం 'అవును' అన్నప్పటికంటే 'కాదు' అన్నప్పుడు ఎక్కువ నమ్మొచ్చు. వెడల్పు అంగుళం ఉన్న గీతను అరంగుళం ఉలి గీయలేదు. స్టేషన్లో కూర్చోబెట్టిన మనవాళ్ళలో చాలామందికి కావలసింది ఆ 'కాదు' అనే మాటే.

2024 జులై 1 నుంచి కొత్త నాగరిక సురక్షా సంహిత వచ్చింది. దాని 176వ సెక్షన్ ఏడేళ్ళూ అంతకు మించీ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఆ చోటికి వచ్చి సాక్ష్యం సేకరించాలనీ, వీడియో తియ్యాలనీ చెబుతోంది. అమలు తేదీ పెట్టుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ గడువిచ్చారు. బంగళాలో రాత్రిపూట దొంగతనం ఆ లెక్కలోకి వస్తుంది. మరి మనమీద జరిగేవి? ఎస్సీ ఎస్టీ అత్యాచారాల చట్టం 3(1) కింద శిక్ష ఐదేళ్ళు మించదు. భూమిలోంచి గెంటినా, కులం పేరుతో నలుగుర్లో అవమానించినా ఆ సెక్షనే. ఆ ఒక్క సెక్షను రాసి సరిపెట్టిన కేసుల్లో గుడిసె తలుపు మీద గొడ్డలి గాట్లు ఎన్ని ఉన్నా నిపుణుడు రానక్కర్లేదు. పోయిన బంగారానికి నిపుణుడు, పోయిన మానానికి పంచనామా కాగితం. మేము రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడిగేది ఇది: అత్యాచారాల చట్టం కింద కట్టిన ప్రతి కేసుకీ, శిక్ష ఎంతైనా సరే, ఈ నిబంధన వర్తింపజెయ్యండి. 1995 నిబంధనల ప్రకారం ఈ కేసుల దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గకుండా చెయ్యాలి కదా. ఆ డీఎస్పీ జీపులో ఒక స్కేలు, ఒక లైటు, ఒక సిలికాన్ డబ్బా పెట్టించడానికి బడ్జెట్ లేదనకండి.

బస్తీల్లో ఉన్న మనవాళ్ళకు నాలుగు మాటలు. దొంగతనం పేరుతో ఎవర్నైనా తీసుకుపోతే స్టేషను ముందు గుంపుగా నిలబడండి, ఇంట్లో ఎవరికి కబురు చెప్పారో రాయించండి. పనిముట్లు పట్టుకుపోతే ఊరికే 'ఇనుపరాడ్ ఒకటి' అని రాయనివ్వకండి. పొడవు, వెడల్పు, కంపెనీ పేరు, పిడి రంగు, అంచులో గంట్లు, అన్నీ పంచనామాలో రాసి, మీ కళ్ళముందే గుడ్డ చుట్టి సీలు వెయ్యమనండి. జప్తు చేసేటప్పుడు వీడియో తియ్యాలని ఇప్పుడు చట్టమే చెబుతోంది, తీశారా అని అడగండి. తెల్లకాగితం మీద వేలిముద్ర వెయ్యకండి. సంచిలో ఉన్న పనిముట్లను పండగరోజున ఫొటో తీసి పెట్టుకున్నా మంచిదే. ఎస్సీ, ఎస్టీ అయినవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 చట్టంలో ఉంది. 15100కి ఫోన్ చెయ్యొచ్చు. వచ్చిన లాయరుతో మొదట ఈ రెండు ప్రశ్నలు కోర్టులో వేయించండి: తలుపు మీది గీతకు అచ్చు తీశారా, తీస్తే ఏ తేదీన సీలు వేసి ల్యాబుకి పంపారు?